ఇంజను లస్మయ్య మీద నేను వేసిన నింద

పన్నెండేళ్ళుగా నేనొక అబద్ధాన్ని మోస్తున్నాను. దాన్ని చెప్పడానికి నాకు పట్టిన సమయం ఒక బీడీ అంటించుకునేంత. బరువు మాత్రం ఏటేటా పెరుగుతూ వచ్చింది. ఎందుకు పెరగాలి? పాతబడినకొద్దీ ఏదైనా తేలిక కావాలి కదా? ఇది కాలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పబోయి నాలుగైదుసార్లు వెనక్కి వచ్చాను.

నేను ఇంజన్లు బాగుచేసే మనిషిని. మంథనిలో చిన్న రేకుల షెడ్డు ఉంది. నీళ్ళు తోడే ఆయిలింజన్లు, వడ్ల మిల్లుల ఇంజన్లు, అప్పుడప్పుడు ఏదో ఒక ట్రాక్టరు. నా పని తీరు చూసినవాళ్ళు ఈ మేస్త్రికి అనుమానం ఎక్కువ అంటారు. నిజమే. ఇంజను విప్పే ముందు ఎన్ని గుడ్డ పేలికలు బయటికి తీశానో అన్ని గీతలు గోడ మీద బొగ్గుతో గీస్తాను. మూసే ముందు పేలికలు లెక్కపెట్టి ఒక్కొక్క గీతా చెరిపేస్తాను. ఇంజను లోపల దుమ్ము పడకుండా గుడ్డ కప్పవలసి వస్తే దానికి పొడుగాటి దారం కట్టి కొసను బయట వేలాడదీస్తాను. మరచిపోయి మూయబోతే దారం అడ్డుపడుతుంది. రైతులు ఇవి చూసి మెచ్చుకుంటారు. ఎక్కడ నేర్చినవు మేస్త్రీ అని అడుగుతారు. ఒక పెద్ద మిల్లులో అని చెబుతాను. అదీ అబద్ధమే.

నేర్చుకున్నది ఒక పటేలు పొలం దగ్గర. మంథనికి రెండు కోసుల దూరంలో గోదావరి వైపు ఉన్న ఊరు. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రతో కలవడానికి ఇంకా కొద్ది రోజులే ఉన్న దసరా అది. ఆ ఊరికంతటికీ ఒక్కటే ఇంజను. వాగు ఒడ్డున కొట్టంలో ఉండేది. దాన్ని చూసుకునేవాడు లస్మయ్య.

లస్మయ్య పటేలు దగ్గర జీతగాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. అంతకుముందు ఎడ్లతో నీళ్ళు తోడే మోట తోలేవాడు. ఇంజను వచ్చినప్పుడు దాని చప్పుడుకు అందరూ దూరం జరిగితే ఇతను దగ్గరికి వెళ్ళాడట. చదువు లేదు. కానీ ఒక కట్టెపుల్ల కొసను ఇంజను మీద ఆనించి, రెండో కొసను చెవికి పెట్టుకుని, లోపల ఏం జరుగుతున్నదో చెప్పేవాడు. ఊళ్ళో అతన్ని ఇంజను లస్మయ్య అనేవారు. జీతగాన్ని యజమాని ఇంటి పేరుతో కాదు, పనితో పిలవడం ఆ ఊళ్ళో అదే మొదలు. ఇంజను చూసుకున్నందుకు పటేలు అతనికి ఒక హక్కు ఇచ్చాడు. పటేలు మడులన్నీ తడిసినంక చివరి గంట నీళ్ళు లస్మయ్య సొంత మడికి. పది గుంటల మడి, పావెకరం. ఆ ఏడు మొదటిసారి అందులో వరి వేశాడు.

వానలు ముందే ఆగిపోయాయి. వరి పొట్టకొచ్చింది. సరిగ్గా అప్పుడే ఇంజను లోపల కొట్టుకోవడం మొదలైంది. లోపల తిరిగే క్రాంకు ఇరుసుకుండే బేరింగు అరిగింది. పటేలు నన్ను పిలిపించాడు. నేను రెండు రోజులు పని చేశాను. బేరింగు మార్చి, క్రాంకుకు సరిగ్గా కూర్చునేదాకా సన్నగా గీకాలి. గీకిన తునకలు అడుగున పడితే నూనె పీల్చే గొట్టం మూతికుండే తీగ జాలిలోకి పోతాయి. అందుకని జాలి మీద ఒక గుడ్డ కప్పాను. లస్మయ్య పక్కనే కూర్చుని ప్రతిదీ అడిగేవాడు. గా బొక్క ఎందుకు, గీ సీల ఎందుకు అని. నాకు విసుగొచ్చేది. విసుగేనా? మరో రెండేళ్ళకు ఈ ఊరికి నా అవసరం ఉండదేమో అన్న భయం కూడా ఉండిందా? ఇప్పుడు నన్ను నేనే అడిగితే ఉండిందనే అనిపిస్తుంది.

మూడో రోజు దసరా. మా దగ్గర దసరా నాడు పనిముట్లు దేవుడి ముందు పెడతారు. ఒకసారి పసుపు కుంకుమ పడ్డాక తెల్లవారేదాకా వాటిని ముట్టరు. నాగలి గాని, కొడవలి గాని, బోల్టులు విప్పే నా పానాలు గాని. ఇంజను విప్పి ఉంటే పూజ ఎట్లా అని పటేలు తల్లి కబురు మీద కబురు పంపింది. నేను గబగబా ఇంజను పక్కనుండే ఇనుప తలుపు మూసి బోల్టులు బిగించాను. లస్మయ్య కొత్త నూనె పోశాడు. నూనె కొలిచే ఇనుప పుల్ల తీసి, గీత దాకా వచ్చిందని నాకు చూపించాడు. ఇంజనుకు బంతిపూల దండ వేశారు. నా పానాలన్నీ పీట మీదికి పోయాయి.

భోజనం చేసి చేతులు తుడుచుకోబోతూ సంచి తెరిచాను. ఒక పాత ధోవతిని ఎనిమిది పేలికలుగా చింపి తెచ్చుకున్నాను. ఏడే ఉన్నాయి.

మీకు ఇక్కడ నిజం చెప్పాలి, లేకపోతే ఈ రాతకు అర్థం లేదు. నాకు అప్పుడే తెలిసిపోయింది. గుడ్డ ఎక్కడుందో కళ్ళకు కట్టినట్టు కనబడింది. తలుపు తెరవాలంటే పానా కావాలి. పానా దేవుడి ముందు ఉంది. అడిగితే ఇస్తారు. తప్పయింది, మరచిపోయిన అంటే పటేలు తల్లి దండం పెట్టుకుని తనే తీసి ఇచ్చేదేమో. కానీ పూజ అయిన పానాను ఒక మేస్త్రి అడిగి తీసుకున్నాడంటే ఆ సంగతి ఏడూళ్ళు పోతుంది. నేను అడగలేదు. తోవలో ఎక్కడో పడిపోయి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. తెల్లవారాక పానాలు నా చేతికి వచ్చాయి. అప్పుడైనా తెరవవచ్చు. కానీ అప్పటికే ఇంజను చల్లగా నడుస్తున్నది, నీళ్ళు ధారగా పడుతున్నాయి, అందరూ సంతోషంగా ఉన్నారు. బండెక్కి మంథని వచ్చేశాను.

మూడో నాడు మధ్యాహ్నం లస్మయ్య ఉరుకుతూ వచ్చాడు. రెండు కోసులు ఆగకుండా వచ్చాడు. “ఇంజను మొత్తుకున్నది మేస్త్రీ. సప్పుడు మారంగనె బందు పెట్టిన. మల్ల తిరుగుతలేదు, పట్టేసింది” అన్నాడు. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. పొద్దున పుల్ల తీసి చూశాడట, నూనె గీత దగ్గరే ఉందట. బందు పెట్టాక మళ్ళీ చూశావా అని అడిగాను. “లే, భయమైంది. సీదా నీ కాడికే ఉరికొచ్చిన” అన్నాడు.

ఆ మాట విన్నప్పుడే నా మనసులో ఏదో ఒకటి కుదురుకుంది. ఏం చేయబోతున్నానో నాకు అప్పటికి తెలుసా? తెలియదనే నన్ను నేను సమాధానపరచుకుంటూ వచ్చాను. కానీ ఆ ప్రశ్న ఎందుకు అడిగాను మరి?

కొట్టానికి చేరగానే పటేలును పిలుచుకు రమ్మని లస్మయ్యను పంపాను. ఒక్కణ్ణే ఉన్నాను. తలుపు విప్పాను. గుడ్డ జాలికి చుట్టుకుని, నూనె బేరింగుకు ఎక్కకుండా అడ్డుపడి ఉంది. దాన్ని తీసి సంచి అడుగున కుక్కాను. నూనె నిండుగా ఉంది. నిండుగా ఉన్న నూనె నా తప్పుకు సాక్ష్యం. ఇంజను కింద నూనె వదిలే బోల్టు ఉంటుంది. అది విప్పాను. బేరింగు మార్చినప్పుడు తీసిన పాత నూనె డబ్బా సగం నిండి అక్కడే ఉంది. కొత్త నూనె అందులోకే పట్టాను. నల్లటి దాంట్లో కలిసిపోయింది. బోల్టు బిగించాను. పుల్లను శుభ్రంగా తుడిచి మళ్ళీ దాని చోట పెట్టాను. అంతా చేసి చేతులు కడుక్కున్నాను కూడా.

పటేలు వచ్చాడు. వెనకాల ఊళ్ళోవాళ్ళు నలుగురైదుగురు.

“ఏమైంది మేస్త్రి? మొన్ననే గద పూజ చేస్తిమి?”

“నూనె లేక పట్టేసింది పటేలా” అన్నాను.

“నూనె లేకపోవుడేంది?” అని లస్మయ్య ముందుకొచ్చాడు. “పొద్దుగాల చూసిన నేను. గీత కాడికి ఉండె.”

నేను పుల్ల తీసి పటేలు చేతికిచ్చాను. ఎండిపోయి ఉంది.

“కొత్త బేరింగు. కూసునేదాకా నూనె తాగుతది. దినాం చూసి పొయ్యాలె. చెప్పిన గదా లస్మయ్యా” అన్నాను. చెప్పలేదు. చెప్పవలసిన అవసరం కూడా లేదు, కొత్త బేరింగు అట్లా నూనె తాగదు.

పటేలు పుల్లను లస్మయ్య ముఖం ముందు ఆడించాడు. “ఇంజనీరు సాబ్! ఇగో, సూడు మల్ల. నీ గీత ఏడ వాయె?”

వెనక నిలబడ్డవాడు ఒకడు నవ్వాడు. “పుల్ల చెవుల పెట్టుకునుడే ఎరుక పటేలా, నూనెల పెట్టుడు ఎర్కలే.”

“మోట కాడికే పో,” అన్నాడు పటేలు. “ఎడ్లకు నూనె పొయ్యనక్కర లే.”

లస్మయ్య తిట్టలేదు. ఒట్టు పెట్టలేదు. పుల్లను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. వేలితో రాశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం ఉంటే నేను ఇంతకాలం నిద్రపోగలిగేవాణ్ణి. అది అనుమానం కాదు. మేస్త్రీ, నువ్వన్న చెప్పు, నేను చూసిన గదా, అన్నట్టు ఉంది. నేను పానాలు సర్దుకోవడం మొదలుపెట్టాను.

హైదరాబాదు నుంచి కొత్త క్రాంకు రావడానికి నెల దాటింది. పటేలు పాత మోటలు కట్టించి తన మడులు చాలావరకు దక్కించుకున్నాడు. చివరి గంట నీళ్ళు ఎవరికీ మిగల్లేదు. లస్మయ్య పది గుంటల వరి పొట్టలోనే ఎండింది. సంక్రాంతి రాకముందే భార్యను తీసుకుని బెల్లంపల్లి బొగ్గు బావులకు వెళ్ళిపోయాడని విన్నాను. ఎవరి నోటా నా పేరు రాలేదు. పైగా, సరైన కారణం పట్టుకున్న మేస్త్రి అని మరో రెండు ఊళ్ళ నుంచి పని వచ్చింది.

పటేలుకు భయపడి చేశానని చాలాకాలం చెప్పుకున్నాను. ఆయన ఏం చేసేవాడు? నాలుగు మాటలు అనేవాడు. వారం రోజులు ఊరు నవ్వుకునేది. నా షెడ్డు నాకు ఉండేది. లస్మయ్యకు అట్లా మిగిలేది ఏమీ లేదని తెలిసే చేశాను. ఎవరి మాట నిలబడుతుందో, ఎవరి మాట పడిపోతుందో ఆ కొట్టంలో అందరికంటే నాకే బాగా తెలుసు.

నాలుగేళ్ళ కింద ఒక పని మీద బెల్లంపల్లి వెళ్ళాను. పని ఒక సాకు. చెప్పేద్దామనే వెళ్ళాను. అంగట్లో అతనే నన్ను గుర్తుపట్టాడు. ముఖం నిండా నవ్వు. బలవంతంగా హోటలుకు తీసుకెళ్ళి చాయ్ తాగించాడు. బావి కింద బొగ్గు ఎత్తే పని చేస్తున్నాడు. దగ్గుతున్నాడు.

“పైన బావి నీళ్ళు తోడే పంపుల కాడ పనుంటది గద?” అని అడిగాను.

“పిలిచిండ్రు అన్నా. రెండుసార్లు పిలిచిండ్రు. నేనే వద్దన్న.” గ్లాసు కింద పెట్టాడు. “మషిన్ జోలికి పోవుడు నాతోని కాదు. గా దినం చూసిననే అనుకుంటి. కండ్ల ముంగట పుల్ల ఎండిపోయి ఉండె. అంటే చూడకనే చూసిన్నని అనుకున్న గదా? గసోంటోన్ని నమ్మి పంపు ఎట్ల ఇడుస్తరు? కింద మనుషులుంటరు.”

నేను ఏమన్నాను? చాయ్ బాగుంది అన్నాను. బస్సుకు టైమైంది అన్నాను. అతను బస్సు దాకా వచ్చాడు.

అతని మడి ఎండబెట్టాననీ అతను ఊరు విడిచేలా చేశాననీ నాకు ముందే తెలుసు. వాటితో ఎట్లాగో బతికాను. కానీ అతని కళ్ళ మీద అతనికున్న నమ్మకాన్ని కూడా తీసేశానని ఆ రోజు తెలిసింది. ఈ నాలుగేళ్ళూ నేను గోడ మీద గీతలు గీస్తుంటే, గుడ్డలకు దారాలు కడుతుంటే, అతను అదే ఊపిరితిత్తులతో అదే చీకట్లోకి దిగుతున్నాడు. నా జాగ్రత్తల్లో ఒక్కటైనా అతనికి పనికొచ్చిందా?

రేపు బెల్లంపల్లి వెళతానని ఇక్కడ రాయాలని ఉంది. రాయను. నన్ను నేను ఎరుగుదును. వెళ్ళవచ్చు, మళ్ళీ చాయ్ తాగి రావచ్చు. వెళ్ళి చెప్పినా అతను ఏమంటాడో, అనాలో వద్దో, అది అతని ఇష్టం. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. ఇవ్వడానికి అది మీ దగ్గర లేదు.

ఈ కాగితం కింద నా పేరు లేదు. ఇప్పటికీ దాచుకుంటున్నాను, చూశారు కదా. అతని పేరు మాత్రం మార్చకుండా రాశాను. మచ్చ పడ్డది ఆ పేరుకే. బెల్లంపల్లిలో అక్షరం వచ్చిన వాళ్ళెవరైనా దీన్ని చదివి, బొగ్గు ఎత్తేవాళ్ళలో లస్మయ్య అనేవాడు, ఒకప్పుడు గోదావరి పక్క ఊళ్ళో ఇంజను నడిపినవాడు తెలిస్తే, మిగతాదంతా వదిలేసి ఈ ఒక్క ముక్క వినిపించండి. ఇన్నేళ్ళలో మొదటిసారి రాస్తున్నాను, చేయి కొంచెం తేలికగానే ఉంది.

ఆ పొద్దున అతను పుల్ల తీసి చూశాడు. అతను చూసింది నిజం.