షెమాన్ గ్రెనియేలో అమ్మోరి సాక్ష్యం

మా ద్వీపానికి దక్షిణాన ఉన్న సావాన్ జిల్లాకు రైళ్ళు ఇంకా నడుస్తున్న రోజుల్లో చేసిన ప్రయాణం ఇది. ఇప్పుడు పట్టాలు పీకేశారు. షెమాన్ గ్రెనియే వెళ్ళదలచినవారికి క్యూర్‌పైప్‌లో బస్సు ఎక్కడమొక్కటే దారి. చలికాలమైతే దుప్పటి తీసుకెళ్ళండి. సముద్రం మీద నుంచి వచ్చే గాలిని అక్కడి రేకుల గోడలు ఆపలేవు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. పగలు క్యూర్‌పైప్‌లో ఒక బట్టల కొట్లో పనిచేసేవాణ్ణి. సాయంత్రాలు పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పేవాణ్ణి, శనివారాలు రామభజన నడిపేవాణ్ణి. ఒకరోజు మా తెలుగు సంఘం పెద్దలు పిలిచి నాకో ఉత్తరం ఇచ్చారు. షెమాన్ గ్రెనియే దగ్గర చెరకు ఎస్టేటులో మనవాళ్ళు ఏటా కోతకు ముందు తోటలో రాళ్ళకు పూజ చేస్తున్నారని, కోడిని కోస్తున్నారని, ఒక ఆడమనిషికి పూనకం వస్తుందని, ఇదంతా తక్కిన జాతులవాళ్ళ ముందు మనకు తలవంపులని అందులో ఉంది. ఇకపై ఆ రోజున మందిరంలో రామభజన చేసుకోవాలని పెద్దల ఆజ్ఞ. దాన్ని నేను చదివి వినిపించి, ఆదివారం భజన కూడా నడిపించి రావాలి. ఆ ఉత్తరంలో భాష దిద్దింది నేనే. అందులోని ప్రతి మాటా నిజమనే నమ్మాను.

శనివారం ఉదయం ఆరూ నలభైకి క్యూర్‌పైప్ స్టేషనులో రైలెక్కాను. సన్నటి వాన, మంచు. మూడో తరగతి పెట్టెలో చెక్క బల్లలు తడిసి ఉన్నాయి. నా ఎదురుగా వంకాయల బుట్టతో ఒక ముసలావిడ కూర్చుంది. నా సంచిలో తాళాలు చూసి పలకరించింది.

"భజనకా గురువుగారు? ఏ ఊరు?"

షెమాన్ గ్రెనియే అన్నాను.

"అమ్మోరి పూజకి అయితే. ఈ ఏడు జనం బాగా వస్తారు. పోయిన కోతలో అప్పలమ్మ కొడుకు సచ్చిపోయాడు కద."

ఆ పూజ మానిపించడానికే వెళ్తున్నానని చెప్పాను. ఆవిడ బుట్టను మా ఇద్దరి మధ్యకు జరిపి, రోజ్‌బెల్ వచ్చేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

రోజ్‌బెల్‌లో దిగి సూయాక్ రైలు కోసం ముప్పావు గంట కాచుకున్నాను. స్టేషను బయట ఒకామె అమ్ముతున్న పప్పు బజ్జీలు, రొట్టె తిని టీ తాగాను. తొమ్మిదిన్నరకు సూయాక్. అక్కడినుంచి బస్సు సురినామ్ మీదుగా పోతుంది. రెండు పక్కలా చెరకు మనిషిని మించి పెరిగి, తెల్లటి కంకులు వేసి ఉంది. సోమవారం నుంచి కోత మొదలని బస్సులో అందరూ అదే మాట. పదకొండు కావస్తుండగా షెమాన్ గ్రెనియేలో దిగాను.

నాకు బస ఏర్పాటు చేసినాయన రామన్న. ఊళ్ళో కొట్టు ఉంది, కొంచెం సొంత చెరకు ఉంది, మందిరం పనులన్నీ ఆయనే చూస్తాడు. కొట్టు వెనక గదిలో మంచం వేయించాడు. అన్నం, మునగాకు పప్పు, ఎండుచేప పులుసు పెట్టాడు. నేను చేప ముట్టనంటే నొచ్చుకుని, పెరుగు తెప్పించాడు. మందిరానికి కొత్త గోడలు లేస్తున్నాయి. "రాయి, సున్నం ఎస్టేటువాళ్ళే ఇస్తన్నారు గురువుగారు. ముష్యేకి మన రాముడంటే గౌరవం," అన్నాడు. ముష్యే అంటే ఎస్టేటు తెల్లదొర.

మధ్యాహ్నం మూడింటికి నన్ను కూలీల లైన్లకు తీసుకెళ్ళాడు. వాటిని అక్కడ కాం అంటారు. వరసగా రేకుల గదులు, ముందు బురద, మధ్యలో ఒకే కుళాయి. ముప్పైమంది దాకా చేరారు. ఉత్తరం తీసి చదివాను. అయిపోయాక ముందు వరసలో చేతులు కట్టుకుని నిలబడ్డ ఒకావిడ నన్ను అడిగింది.

"చదివేశారా?"

ఆమే అప్పలమ్మ. యాభై దాటి ఉంటాయి. చెరకు ఆకు కోసిన గీతలు మోచేతుల దాకా ఉన్నాయి. పూనకం వచ్చేది ఈమెకేనని రామన్న నా చెవిలో చెప్పాడు. ఆమె నన్ను తన గదిలోకి పిలిచి పీట వేసింది. రామన్న బయటే ఉండిపోయాడు.

"మీరు సదువుకున్నోళ్ళు. ఒకటి సదివి పెట్టండి," అంటూ బియ్యం డబ్బాలోంచి మడత పెట్టిన కాగితం తీసింది. పోలీసులు ఇచ్చిన కాగితం, ఇంగ్లీషులో ఉంది. సింహాద్రి, వయసు ఇరవై రెండు, తోటలో పట్టాల మీద నడిచే చెరకు బండి కింద పడి మరణించాడు. తాగి పట్టాల మీద పడుకుని ఉన్నాడు. చదివి చెప్పాను.

"తాగి అన్న మాట ఎక్కడుంది? వేలెట్టి చూపించండి."

చూపించాను. ఆమె ఆ చోట గోటితో మెల్లగా గీకింది, అది మట్టి అంటుకున్న మరక అయినట్టు.

"అది గోవింద వ్రతం నెల. నా కొడుకు మాంసం ముట్టలేదు, రమ్ము ముట్టలేదు. నెలంతా నేనే వండి పెట్టాను. కాంలో అందరికీ తెలుసు. పోలీసు అడిగితే పెర్సోన్ నోరు తెరవలేదు."

పెర్సోన్ అంటే ఒక్కడూ అని. ఎందుకు తెరవలేదని అడిగాను.

"ఇల్లు ముష్యేది, పని ముష్యేది. ఏం తెరుస్తారు? కానీ రేపు తెరవాలి. మన తాతలు కూలికొచ్చిన కాలంలో మనకి కోర్టు లేదు గురువుగారు. అందుకని ఆ మూడు రాళ్ళు పెట్టుకున్నారు. కోత కత్తి పట్టే ముందు, పోయిన ఏడు తోటలో జరిగింది ఏదీ దాయకుండా అమ్మోరి ముందు సెప్పాలి. దాచి కత్తి పడితే అది మన మీదకే తిరుగుతాది. ఇదే మా పూజ. మీ కాయితంలో ఇది రాయలేదు."

రాత్రి భోజనాల దగ్గర, ఆ పూజ మానిపించాలన్న మాట ఎవరిదని రామన్నను నిలదీశాను. కంచంలో అన్నం కలుపుతూనే ఆయన, రాళ్ళున్న చోట ఇకపై గుంపు చేరకూడదనే షరతు మీదే మందిరానికి రాయి వస్తోందని ఒప్పుకున్నాడు. "మీ పెద్దలకి ఉత్తరం రాయమని అడిగింది నేనే. పిల్లలకి ఒక మంచి గుడి కావాలని గురువుగారు. తప్పా?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

ఆదివారం పదింటికి మందిరంలో దీపం వెలిగించి భజన మొదలుపెట్టాను. పదకొండుమంది వచ్చారు, అందరూ కొట్లవాళ్ళు, చిన్న రైతులు. దీపం చుట్టూ నాలుగు చుట్లు తిరిగేసరికి దూరం నుంచి డప్పు వినిపించింది. నా వెనక గొంతులు ఒక్కొక్కటే తగ్గాయి. గోడకు ఆనుకుని కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. నాకు చరణం గుర్తు రాలేదు. అంతకు ముందెప్పుడూ నాకలా జరగలేదు. తాళాలు దీపం ముందు పెట్టి బయటికొచ్చాను.

గుమ్మం దగ్గర రామన్న అడిగాడు. "మీ పెద్దలకి ఏం చెప్పమంటారు?"

"నేనే చెప్పుకుంటాను," అన్నాను.

చెరకు మధ్య బండి బాట వెంట పావుగంట నడక. తోటలో ఏరి పోసిన నల్లరాళ్ళ గుట్ట పక్కన మూడు నిలువు రాళ్ళు, పసుపు పూసి, కుంకుమ పెట్టి ఉన్నాయి. ముందు వేపాకు, చద్దన్నం, బెల్లం. వాటి ముందు కోత కత్తులు వరసగా పరిచారు. అరవైమంది ఉంటారు. బాట చివర ఎస్టేటులో కూలీల మీద అజమాయిషీ చేసే సర్దారు సైకిలు పట్టుకుని నిలబడి, వచ్చినవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు.

కోడిని కోశారు. నేను తల తిప్పుకున్నాను. డప్పు ఆగింది. తడి చీరతో, విరబోసిన జుట్టుతో అప్పలమ్మ రాళ్ళ ముందు నిలబడింది. కేకలు వేస్తుందనుకున్నాను. వేయలేదు. ఇంట్లో మాట్లాడినంత మెల్లగానే అడిగింది.

"సింహాద్రి ఎలా పోయాడు? ఎవరు సూశారు?"

ఎవరూ పలకలేదు. ఆమె రెండోసారి అడిగింది. మూడోసారీ అడిగింది. అప్పుడు గుంపులోంచి ఒకాయన వచ్చి, మధ్య రాయి మీద చెయ్యి పెట్టాడు. పేరు నారాయణ. నలభై ఏళ్ళుంటాయి, బళ్ళకు చెరకు ఎత్తే పని.

"నేను సూశానమ్మా. బండిని ఆపే గొలుసు తెగి పది రోజులైంది. సర్దారుకి రెండుసార్లు సెప్పాం. అలాగే తొయ్యమన్నాడు. వాలులో బండి ఎనక్కి వచ్చేసింది. సింహాద్రి సక్రానికి రాయి అడ్డం పెడతన్నాడు. తాగలేదు."

"ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పలేదు?"

"ఇద్దరు ఆడపిల్లలమ్మా. ఇల్లు ముష్యేది."

తర్వాత ఇంకో ఇద్దరు వచ్చి రాయి ముట్టుకుని అదే చెప్పారు. మూడోవాడు చెప్పడం పూర్తి కాకముందే అప్పలమ్మ నేలమీద కూలబడి ఏడ్చింది. అడిగింది అమ్మోరో, తల్లో నాకు తెలియదు. అక్కడెవరికీ ఆ సందేహం వచ్చినట్టు లేదు. నేను నోటు పుస్తకం తీసి ముగ్గురి మాటలూ రాసుకున్నాను. కింద వేలిముద్రలు వేయించాను. కత్తులు ఎవరివి వాళ్ళు తీసుకున్నారు. నేను తల ఎత్తేసరికి సర్దారు వెళ్ళిపోయాడు.

సోమవారం ఏడింటికి తోట వైపు నుంచి వచ్చే ఇనుప గడ్డపారల చప్పుడుకు మెలకువ వచ్చింది. నేను చేరేసరికి వేరే ఎస్టేటు నుంచి తెచ్చిన మనుషులు రెండు రాళ్ళు పెకలించి గుట్టలోకి దొర్లించేశారు. మూడోది లోతుగా ఉందని పగలగొడుతున్నారు. ఒక పోలీసు జవాను ఆవులిస్తూ చూస్తున్నాడు. అప్పలమ్మ బాట పక్కన గడ్డిలో కూర్చుని ఉంది. ఏడవలేదు, తిట్టలేదు. అంతా అయ్యాక నా వైపు తిరిగి, "రాశారు కద?" అని మాత్రం అడిగింది.

రాశానన్నాను.

"ఆ ఒక్క మాట తీసెయ్యమని సెప్పండి. ఇంకేం అక్కర్లేదు."

కాంలో అప్పటికే సాక్ష్యం చెప్పిన ముగ్గురి సామాన్లూ బయట పడేసి ఉన్నాయి. బొంతలు, గిన్నెలు, ఒక రేకు పెట్టె. రామన్న ఆ రోజు కొట్టు తెరవలేదు. నాకు ఎదురుపడకుండా, నారాయణ పిల్లలకని రొట్టెలు పొట్లం కట్టించి పనిమనిషితో పంపాడు.

ముగ్గురినీ వెంటబెట్టుకుని పదిన్నర బస్సుకు సూయాక్ పోలీసు స్టేషనుకు వెళ్ళాను. నారాయణ భార్య లచ్చమ్మ, పిల్లలూ సామానుతో మెట్ల మీద కూర్చున్నారు. అధికారి మర్యాదస్తుడే. నా నోటు పుస్తకం చివరిదాకా చదివించుకున్నాడు.

"పూనకం వచ్చిన ఆడమనిషికి చెప్పింది సాక్ష్యం కాదు. ఇక్కడ, నాకు చెప్తారా?" అని ఆ ద్వీపపు వాడుక భాష క్రెయోల్‌లో వాళ్ళను అడిగాడు.

ఇద్దరు వెనక్కి తగ్గారు. నోరు మూసుకుంటే గదులు తిరిగి ఇస్తామని సర్దారు పొద్దున్నే కబురు పంపాడట. వాళ్ళను నేను తప్పు పట్టలేను. నారాయణ మాత్రం ముందుకొచ్చి, నిలబడే మొత్తం చెప్పాడు. రాయి మీద పెట్టినట్టే బల్ల మీద చెయ్యి పెట్టబోతే అధికారి తీసెయ్యమన్నాడు. చెప్పింది రాసుకుని కాగితం సొరుగులో పెట్టాడు.

ఆ తర్వాత సంగతి ఇక్కడే చెప్పేస్తాను. కోర్టుకు మూడు ఉత్తరాలు రాశాను. విచారణ ముగిసిపోయిందని ఒక్కదానికి జవాబొచ్చింది. అప్పలమ్మ నాలుగేళ్ళ తర్వాత, కోత మధ్యలో, జ్వరంతో పోయింది. తాగి అన్న ఆ మాట కాగితంలో అలాగే ఉంది. పూజ మళ్ళీ జరగలేదు. కాకపోతే ఆ ఏడు కోత మొదలైన వారానికే బళ్ళన్నిటికీ కొత్త గొలుసులు వేశారట. ఎందుకు వేశారో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

రెండూ పదికి సూయాక్ నుంచి తిరుగు రైలు. వెనక్కి తగ్గిన ఇద్దరూ షెమాన్ గ్రెనియే బస్సెక్కారు. నారాయణ కుటుంబం నాతో వచ్చింది. మోకా అనే ఊళ్ళో లచ్చమ్మ అన్న ఉన్నాడని, అక్కడికి పోతున్నామని చెప్పారు. రోజ్‌బెల్‌లో రైలు మారి కూర్చున్నాక రొట్టెల పొట్లం విప్పి, నాకూ ఒకటి ఇచ్చారు. చిన్నపిల్ల రేకు పెట్టె మీద నిద్రపోయింది. పైకి ఎక్కేకొద్దీ మంచు కమ్ముకొచ్చి కిటికీలు తెల్లబడ్డాయి.

రెండు రోజులు మా ఇంట్లో ఉండి వెళ్ళమని నారాయణను అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"కోపం తెచ్చుకోకండి గురువుగారు. శనివారం మీరు కాయితం సదివినప్పుడు నేను ఎనక నిలబడి విన్నాను. మంచి తెలుగు. మాకు సగం తెలియలేదు. రాళ్ళు తీసెయ్యొచ్చని ముష్యేకి మాత్రం తెలిసింది."

ఆ మాటలో కోపం లేదు. అలసిపోయిన మనిషి జరిగింది జరిగినట్టు చెప్పాడు, అంతే. అంతలో క్యూర్‌పైప్ వచ్చేసింది. దిగి కిటికీ దగ్గర నిలబడ్డాను. లచ్చమ్మ కొంగుతో అద్దం తుడిచి దండం పెట్టింది. నారాయణ నిద్రపోతున్న పిల్ల తల తన తొడ మీదకు జరుపుకుంటున్నాడు. రైలు కదిలింది.

వానలో ఇంటికి నడిచాను. మా ద్వీపంలో నేను తిరగని జిల్లా లేదు, చూడని గుడి లేదు. దేవుళ్ళలో ఎవరు నిజం, ఎవరు కాదు అని అంతకు ముందు గంటలకొద్దీ వాదించేవాణ్ణి. షెమాన్ గ్రెనియే నుంచి వచ్చాక వాదించలేదు. తమ మాటకు విలువ లేనివాళ్ళు ఏడాదికొక్కసారి భయం లేకుండా నిజం చెప్పుకోవడానికి ఒక చోటు ఏర్పాటు చేసుకున్నారు. దాన్ని తీయించడానికి నా గొంతు పనికొచ్చింది.