పెద్దాపురం సుజాత

నేను డిగ్రీ పాసయ్యానండి. ఫస్ట్ క్లాస్. మా ఇంట్లో మొదటిదాన్ని, మా వీధి మొత్తం మీదా మొదటిదాన్నే. కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్తున్నాను. నిన్న బస్సులో పక్క సీటావిడ అడక్కుండానే చెప్పాను. మీకూ చెప్పకుండా ఉండలేకపోయాను, ఏమనుకోకండి.

కానీ మీకు చెప్పాల్సింది ఇది కాదు. మొదటి ఏడాదిలో నేనొక పని చేశాను. అప్పటినుంచీ దాన్ని మోస్తూనే ఉన్నాను. హాల్ టికెట్ మీద నా పేరు చూసుకున్న ప్రతిసారీ దాని పక్కన ఇంకో పేరు కనబడేది. సుజాత. పెద్దాపురం సుజాత. అలాంటి మనిషి ఎక్కడా లేదు. ఒక ఫోన్ కాల్ కోసం నేనే పుట్టించాను. ఆ కాల్ అయిపోయాక ఆవిడ పోయింది. ఆవిడ అన్న మాటలు మాత్రం పోలేదు.

రాజమండ్రిలో ఒక చిన్న ఎఫ్ఎం స్టేషన్ ఉంది. అందులో పొద్దున పూట రాజ్యలక్ష్మి గారని ఒకావిడ మాట్లాడేవారు. పాటలు తక్కువ, మాటలెక్కువ. వినేవాళ్ళు ఫోన్ చేసి ఇంటి సంగతులు చెప్పుకుంటే, ఆవిడ వాళ్ళ యాసలోనే పలికి, పరాచికాలాడి, అవసరమైతే నాలుగు చీవాట్లేసి పంపేవారు. ఆవిడ మీద ఒక్కొక్కరిదీ ఒక్కో అభిప్రాయం. "నోటికి తాళం లేదండీ ఆవిడకి" అని టీ కొట్టు దగ్గర విసుక్కునే మనిషే, ఆవిడ సెలవు పెట్టిన రోజున "ఏంటో అండీ, ఇవాళ పొద్దు పొడిచినట్టే లేదు" అనేవాడు. భీమవరం దగ్గర్నుంచి రొయ్యల చెరువులాయన ఒకాయన వారం వారం ఆవిణ్ణి తిట్టడానికే ఫోన్ చేసేవాడు. తిట్టడం అయిపోయాక, "ఉంటానండి, మళ్ళీ వారం చేస్తాను" అని మర్యాదగా పెట్టేసేవాడు.

మా అమ్మకైతే ఆవిడ చుట్టం. అమ్మ పేరు నూకరత్నం. మాది కాకినాడ పక్క సముద్రపు ఒడ్డు ఊరు. అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చేపలమ్ముతుంది. నెత్తిన చుట్టకుదురు, దాని మీద తట్ట, చెవిలో ఫోను తీగ. ఏ వీధిలో ఉన్నా ఆ కార్యక్రమం వినాల్సిందే.

ఆ స్టేషన్లో ఒక పద్ధతి ఉండేది. నెలకొక ఆదివారం "మా మీద మీ మాట" అని పెట్టేవారు. వినేవాళ్ళు ఫోన్ చేసి, రేడియోలో మాట్లాడేవాళ్ళ గురించి ఏమనుకుంటున్నారో మొహమాటం లేకుండా చెప్పొచ్చు. ఆ మాట్లాడేవాళ్ళు అక్కడే కూర్చుని వినాలి. బదులు చెప్పకూడదు. "వింటున్నామండి, చెప్పండి" అనడం వరకే. జనానికి అది భలే ఇష్టం. అత్తగారిని అనలేనివన్నీ వీళ్ళని అనొచ్చు కదా అని నవ్వుకునేవారు. నేనూ నవ్వాను. ఆ పద్ధతిలో ఒక మనిషి చేతులు కట్టేసి ఉంటాయని అప్పుడు నాకు తోచలేదు. తోచలేదా? తోచింది. తోచబట్టే ఆ రోజునే ఎంచుకున్నాను.

మొదటి ఏడాది నేను కాకినాడలో హాస్టల్లో ఉండేదాన్ని. ఒకరోజు సాయంత్రం అమ్మ వచ్చింది. సరుకమ్మేసి, ఖాళీ తట్ట చంకన పెట్టుకుని, నాకోసం వేయించిన రొయ్యలు డబ్బాలో పట్టుకుని గేటు అవతల నుంచుంది. నాతో ఇద్దరమ్మాయిలున్నారు. ఎవరే అనడిగారు. "మా ఊరావిడ. ఇటొస్తుంటే ఇంట్లోవాళ్ళు ఇచ్చి పంపారు" అన్నాను. డబ్బా తీసుకున్నాను. లోపలికి రమ్మనలేదు. అమ్మ కొంచెం దూరంగానే ఉంది, వినబడలేదనుకున్నాను.

తర్వాతి వారం పొద్దున్నే జడలేసుకుంటున్నాం. ఒకమ్మాయి ఫోన్లో రాజ్యలక్ష్మి గారు మాట్లాడుతున్నారు. ఎవరిదో ఫోన్ కలిసింది. అవతలి గొంతు వినగానే నా చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"నేనండీ, నూకరత్నాన్ని."

"ఆయ్, చెప్పండి నూకరత్నం గారూ! ఏం చేపలు ఇవాళ?"

"పండుగొప్పండి. చేపల మాటకి కాదండీ, మా అమ్మాయి కాకినాడలో డిగ్రీ చదువుతుందండి. ఆ మాట మీ చెవినేద్దామని."

"అబ్బో! మరి చేపలు కోయడం వచ్చా?"

"కత్తి ముట్టనివ్వనండి దాన్ని. వాసనే గిట్టదు దానికి. తలుపేసుకుని చదువుద్దండి."

"అయితే జాగ్రత్తండోయ్! రేపు పెద్ద ఆఫీసరయ్యాక మిమ్మల్ని గేటు బయటే నుంచోబెడద్దేమో!"

అమ్మ పగలబడి నవ్వింది. "నుంచోబెట్టనీండి! ఆ గేటు కాడే తట్ట దింపుకుని అమ్ముకుంటాను. ఆఫీసరు గారి గేటంటే బేరం బాగుంటదండి!"

ఇద్దరూ నవ్వారు. ఊళ్ళన్నీ నవ్వుంటాయి. మా గదిలో అమ్మాయిలు కూడా నవ్వారు. ఒకమ్మాయి అమ్మ గొంతుని అనుకరించింది, "వాసనే గిట్టదు దానికి" అని. "మీ ఊరు వైపే కదే, ఎవరావిడ?" అని నన్నడిగింది. తెలీదన్నాను. వారం తిరక్కుండానే రెండోసారి అమ్మని కాదన్నాను.

ఆ గేటు మాట ఆవిడ ఊరికే అన్నారు. తమాషాకి అన్నారు. ఆవిడకి ఏమీ తెలీదు. కానీ నాకు అలా అనిపించలేదు. అమ్మ అంతా విని, ఆవిడకి చెప్పుకుని, ఇద్దరూ కలిసి నన్ను నలుగురిలో నిలబెట్టారనిపించింది. తప్పు చేసినవాడికి ప్రతి మాటా తనని ఉద్దేశించే అన్నట్టుంటుంది. ఆ సంగతి ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలిసింది ఒక్కటే, ఆ గొంతులు ఆగాలి. అమ్మ మళ్ళీ రేడియోలో వినబడకూడదు. అమ్మ నోరు మూయించలేను కాబట్టి ఆవిడ నోరు మూయించాలి.

ఆ నెల "మా మీద మీ మాట" ఆదివారం హాస్టల్ మేడెక్కాను. ఫోన్ మీద చున్నీ కప్పాను. పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడాను.

"నమస్కారమండి. పెద్దాపురం నుంచి సుజాతని. రాజ్యలక్ష్మి గారు చదువులేనివాళ్ళని ఫోన్లోకి రప్పించి, వాళ్ళ బతుకుల మీద అందరినీ నవ్విస్తున్నారు. వాళ్ళ యాసని వెక్కిరిస్తున్నారు. మొన్న చేపలమ్మే ఆవిణ్ణి ఎంత మాటన్నారు? ఆవిడ కూతురు వింటే ఎంత ఏడుస్తుందో ఆలోచించారా?"

ఆవిడ, "వింటున్నామండి" అన్నారు. ఎప్పుడూ గలగలమనే గొంతు అంత పలచగా రావడం అదే మొదటిసారి విన్నాను.

పెట్టేశాను. కిందికి దిగి మిగతాది మా గదిలో కూర్చుని విన్నాను. వరసగా ఫోన్లు. "ఆ పెద్దాపురం అమ్మాయి సరిగ్గా చెప్పిందండి." "నాకూ ఎప్పట్నుంచో అనిపిస్తుందండి." నిజంగా అనిపించిందో, ఒకరన్నారని అనిపించిందో. చెరువులాయన కూడా చేశాడు. "ఇవాళ తిట్టబుద్ధి కావట్లేదండి" అని పెట్టేశాడు. నాకు భయమేసింది. లేదు, ముందు సంతోషమే కలిగింది. చదువుకున్నదాన్ని, నా మాటకి ఇంత బలముందా అనిపించింది. భయం తర్వాతెప్పుడో వచ్చింది.

ఫోన్లు తీసే పని ఆవిణ్ణుంచి తీసేశారు. రాసిచ్చిన ప్రకటనలు చదివించారు కొన్నాళ్ళు. ఆ తర్వాత ఆవిడ గొంతే వినబడలేదు.

సెలవులకి ఇంటికెళ్తే అమ్మ ఒకటే శాపనార్థాలు. "ఎవత్తే ఆ సుజాత? పెద్దాపురం అంటుంది కదా, అక్కడి మరిడమ్మ తల్లే చూసుకుంటది దాని సంగతి." ఎదురింటావిడతో అనేది, "ఆవిడ మనల్ని ఏమందమ్మా? మనమే అడిగి అనిపించుకునేవాళ్ళం కదా." ఆ మాట స్టేషన్‌కి చెప్పాలని ఎన్నో ఆదివారాలు ఫోన్ తిప్పింది. లైన్ దొరకలేదు. తట్ట పక్కన పెట్టుకుని, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ, ఆ నంబరు నొక్కుతూ కూర్చున్న అమ్మని చూస్తూ నేను అన్నం తిన్నాను. ఆ అన్నం ఎలా దిగింది నాకు? దిగింది. మూడేళ్ళూ దిగుతూనే ఉంది.

మొన్న రిజల్ట్స్ వచ్చాయి. అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చి, నవ్వి, వీధంతా బెల్లం పంచి, వెంటనే అన్నమాట ఇది: "ముందు రాజ్యలక్ష్మి గారికి చెప్పాలే." ఎవర్నెవర్ని అడిగిందో, ఆవిడ కడియంలో వాళ్ళ తమ్ముడి నర్సరీ చూసుకుంటున్నారని కనుక్కుంది. నేను ఏదో ఒక వంక పెట్టొచ్చు. పెట్టలేదు. ధైర్యం వచ్చిందని కాదు. ఇంత మంచి కబురు పట్టుకెళ్తే పాతదంతా దానికింద కప్పబడిపోతుందని ఆశ. సంతోషంలో మనిషికి బుద్ధి ఉండదు.

కాజాలు కొనుక్కుని నిన్న వెళ్ళాం. గులాబీ మొక్కల వరసల మధ్య రేకుల షెడ్డు. ఆడకూలీలు కవర్లలో మట్టి నింపుతూ ఏదో హాస్యమాడుతున్నారు. "ఏమండీ రాజ్యంగారూ, మీరే చెప్పండి" అని ఒకావిడ వాళ్ళ మాటల్లోకి లాగబోయింది. కుర్చీలో కూర్చున్నావిడ తలూపారంతే. పొదుపుగా, జాగ్రత్తగా. ఆవిడే.

"నేనండీ, నూకరత్నాన్ని!" అంది అమ్మ. ఆవిడ గభాల్న లేచారు. నేను అనుకున్నది, నవ్వుతారని. ఆవిడ అమ్మ రెండు చేతులూ పట్టుకున్నారు.

"నన్ను క్షమించాలమ్మా మీరు. మీ ఇల్లు తెలీక రాలేకపోయాను."

"అదేంటండీ! మీరేం చేశారని?"

"ఆ పెద్దాపురం అమ్మాయి చెప్పేదాకా నాకు తెలీలేదమ్మా. నలుగురినీ నవ్వించడానికి మీ బతుకుల్ని వాడేసుకున్నాను. ఇప్పుడు ఎవరితో ఏమనాలన్నా భయమేస్తుంది. ఎక్కడ ఎవరికి తగుల్తుందో అని."

చూశారా? నేను చెప్పిన అబద్ధాన్ని అందరూ మర్చిపోయారు. ఆవిడొక్కరే నమ్మి, ఇన్నాళ్ళూ దానికి శిక్ష అనుభవిస్తున్నారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను నేను. మాట పోయింది ఆవిడకి. ఇప్పుడు నేను ఊరుకుంటే ఆవిడ బతికినన్నాళ్ళూ తను చెడ్డదాన్నని అనుకుంటూనే ఉంటారు.

అమ్మ కాజాల పొట్లం చేతికిస్తూ "మా అమ్మాయండీ, డిగ్రీ..." అని మొదలుపెట్టింది. అంతలోనే నా నోట్లోంచి వచ్చేసింది.

"అది పెద్దాపురం అమ్మాయి కాదండి. నేనే. మీరేం వెక్కిరించలేదు. నేనే అబద్ధం చెప్పాను."

మట్టి నింపే చేతులు ఆగాయి. రాజ్యలక్ష్మి గారు నన్ను చూడలేదు. అమ్మని చూశారు. అమ్మకి ఎలా ఉందో అని. ఆ చూపు నేను ఎప్పటికీ మర్చిపోలేను.

అమ్మ తిట్టలేదు. మరిడమ్మ తల్లిని పిలవలేదు. దగ్గరికొచ్చి, చాలా మెల్లగా, నాకు ఒక్కదానికే వినబడేలా అడిగింది.

"ఆవాళ గేటు కాడ నువ్వన్నది విన్నానే. కనబడితే సిగ్గు కాబోలు అనుకుని మళ్ళీ అటు రావడం మానేశాను. గొంతు వినబడినా సిగ్గేనా?"

ఏదైనా చెప్పుండొచ్చు. చిన్నతనం అనుండొచ్చు. తెలియక అనుండొచ్చు. ఎంత చదివాను, ఒక్క మాట దొరక్కపోతుందా?

"ఔనమ్మా" అన్నాను.

రాజ్యలక్ష్మి గారు కాజాల పొట్లం స్టూలు మీద పెట్టారు. మొక్కలెత్తే లారీ వచ్చిందన్నారు. వెళ్ళిపోయారు. అప్పుడు నిజంగానే లారీ వచ్చిందో లేదో నేను తలెత్తి చూడలేదు. బస్సులో అమ్మ కిటికీ వైపు కూర్చుంది, నేను ఇటు కూర్చున్నాను. పక్క సీటావిడకి నేను పాసైన సంగతి చెప్పింది అప్పుడే. ఏదో ఒకటి మాట్లాడాలి కదా. అమ్మ అటు తిరిగే ఉంది.

నన్ను క్షమించమని మీకు ఇది చెప్పట్లేదు. క్షమించాల్సినవాళ్ళు మీరు కాదు, ఆ ఇద్దరూ క్షమిస్తారో లేదో అడిగే ముఖం నాకు లేదు. కానీ ఆ "ఔను" అన్నాక గుండె మీదనుంచి ఏదో దిగింది. అది నిజం. దిగినందుకు తేలిగ్గా ఉంది, తేలిగ్గా ఉన్నందుకు సిగ్గుగా ఉంది. నిన్నటినుంచీ ఊపిరి మాత్రం బాగా ఆడుతోందండి.