బావమరిది ఇచ్చిన ఇయర్‌ఫోన్లు

నందిగామలో మా బావమరిది సెల్‌ఫోన్ల కొట్టు తెరిచిన రోజున నాకిచ్చిన ఇయర్‌ఫోన్లు డూప్లికేటువి కావు. ఆ సంగతి ఆ సాయంత్రమే, జగ్గయ్యపేటకు తిరిగొచ్చే బస్సులో నాకు తెలిసిపోయింది. తెలిసీ ఇన్నేళ్ళు నోరు విప్పలేదు.

మొన్న మా అబ్బాయి తీగల్లేని ఇయర్‌ఫోన్లు తెచ్చి నా చెవుల్లో పెట్టి, ఎలా ఉంది నాన్నా అనడిగాడు. రెండు పక్కలా భేషుగ్గా ఉందన్నాను. వాడు ఎడమవైపుది తీసి చూసి, దీనికి ఛార్జింగే లేదు, ఎప్పుడో ఆగిపోయిందని పడీపడీ నవ్వాడు. మా ఆవిడ కూడా నవ్వింది. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

మా తరం వాళ్ళకు పాట వినడమంటే ఎంత తతంగమో గుర్తుండే ఉంటుంది. స్పీకరును మట్టికుండ మీద బోర్లిస్తే బేస్ బాగా వస్తుందని ఎవరో చెబితే, మా అమ్మ మజ్జిగ కుండ ఖాళీ చేసి మరీ ప్రయోగం చేసిన వాణ్ణి నేను. పెళ్ళయ్యే నాటికి మా బావమరిది నందిగామలో క్యాసెట్ల రికార్డింగు సెంటరు నడిపేవాడు. నాకు నచ్చిన పాటలన్నీ ఏరి, కొత్త క్యాసెట్టులో ఎక్కించి, వాళ్ళక్క చేతికిచ్చి పంపేవాడు. నేను దాన్ని వెలుతురుకు పెట్టి, ఇది నిజంగా కొత్త టేపేనా, పాతదాని మీదే మళ్ళీ ఎక్కించాడా అని చూసేవాణ్ణి. అనుమానం నా పుట్టుకతో వచ్చింది. పేటలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. అక్కడా అంతే, ఎడమ వరస పిల్లలు కావాలనే గొణుగుతారని నాకు గట్టి నమ్మకం. ఎన్నిసార్లు వాళ్ళను బెంచీ ఎక్కించానో.

రెండువేల సంవత్సరం దాటాక క్యాసెట్ల రోజులు పోయాయి. బావమరిది సెంటరు మూసేసి, బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల కొట్టు పెట్టాడు. కొట్టు తెరిచిన రోజున, మొదటి సరుకు అల్లుళ్ళకే అందాలని నాకూ మా తోడల్లుడికీ చెరో జత ఇయర్‌ఫోన్లు ఇచ్చాడు. చివర రబ్బరు బుడిపెలుండి చెవి లోపలికంటా దూరే రకం అవి. మాకదే మొదటిసారి చూడ్డం. మా తోడల్లుడికి విజయవాడలో మందుల ఏజెన్సీ ఉంది, కారుంది. అత్తగారింట్లో ఇద్దరికీ పెట్టుబట్టలు ఒకే రకం పెట్టేవారు. అయినా అంచు ఎవరిది వెడల్పో నేను వేలితో కొలిచి చూసుకునేవాణ్ణి.

ఆ రోజు తోడల్లుడి డబ్బాకు సీలుంది. నా డబ్బాకు లేదు.

"ఇదేంటోయ్, నాది ముందే ఊడదీశావు?"

"మీరు పట్టిపట్టి చూస్తారుగా బావగారూ, పనిచేస్తందో లేదోనని చూసి పెట్టానండి."

నాకు అక్కడే పురుగు తొలిచింది. రెండూ ఒకేసారి వింటే గానీ తేడా తెలియదన్నాను. ఒకే ప్లేయరుకు రెండు జతలు తగిలించే జాయింటు వాడి దగ్గరే ఉంది. తోడల్లుడి జతలోది కుడి చెవిలో, నా జతలోది ఎడమ చెవిలో పెట్టుకున్నాను. పరీక్ష పకడ్బందీగా ఉండాలని రెంటిలోంచీ ఎల్ అని గుర్తున్న బుడిపెలే ఎంచుకున్నాను కూడా. కుడి చెవిలో పాట గుమ్మంలోకి మేళం వచ్చినట్టుంది. ఎడమ చెవిలో పక్కింటి గోడ అవతలి రేడియోలా ఉంది. తోడల్లుడు కూడా విని, "నాకేం తేడా తెలవట్లేదన్నయ్యా" అన్నాడు. మంచిది తనకు దక్కినవాడికి తేడా ఎందుకు తెలుస్తుందిలే అనుకున్నాను.

"పెద్దల్లుడికి డూప్లికేటు, చిన్నల్లుడికి ఒరిజినలా?" అన్నాను, కొట్టు నిండా జనం ఉండగా.

వాడి ముఖం పాలిపోయింది. ఒకే పెట్టెలోంచి తీశానండీ అని తల్లి మీద ఒట్టేశాడు. మా ఆవిడ అప్పుడు తమ్ముడి వైపు తిరిగి, "మా ఆయన చెవులు అబద్ధం చెప్తాయట్రా? డూప్లికేటు ఇచ్చిందీ గాక దబాయిస్తన్నావా?" అంది. చేతిలో ప్రసాదం పొట్లం అక్కడే కౌంటరు మీద పెట్టేసి వచ్చేసింది.

బస్సులో నా జతను నా వాక్‌మన్‌కు తగిలించుకున్నాను. ఎడమది చచ్చుగా మోగింది. ఇదిగో దొంగసరుకు అనుకుని, మరీ రూఢి చేసుకుందామని బుడిపెలు అటుదిటు ఇటుదటు మార్చాను. చచ్చుగా మోగింది కాస్తా కుడి చెవిలో ఖంగుమంది. బాగా మోగింది ఎడమ చెవిలో మూగబోయింది. మళ్ళీ మార్చాను. అప్పుడు గుర్తొచ్చింది, చిన్నప్పుడు ఎడమ చెవిలో చీము కారితే మా అమ్మ వెల్లుల్లి కాచిన నూనె చుక్కలు వేసేది. తగ్గిపోయిందనే అందరం అనుకున్నాం.

పక్క సీటులో మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. నా చెవుల కోసం తమ్ముణ్ణి వదులుకొచ్చిన మనిషికి, ఆ చెవే సరిగా లేదని ఎలా చెప్పను? రేపు చెబుదామనుకున్నాను. ఆ తర్వాత కొట్టులో డూప్లికేటు సరుకుందని సొంత బావే అన్నాడట అన్న మాట నందిగామ దాటి పేటలో నా చెవిన కూడా పడింది. అప్పుడూ చెప్పలేదు. అక్కాతమ్ముళ్ళు పెళ్ళిళ్ళలో ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నావా అనుకునేవారు, అంతే.

ఇప్పుడు హైవే మీద నందిగామ ఎంతో దూరం అనిపించదు. పాటకు క్యాసెట్టు అక్కర్లేదు, ఎక్కించి ఇచ్చే మనిషీ అక్కర్లేదు. ఎవరి చెవుల్లో వాళ్ళకు మోగుతోంది. నాకోసం ఏరి పాటలు పంపిన మనిషి ఒకడుండేవాడని తలుచుకుంటే, మళ్ళీ ఒక్క క్యాసెట్టు వస్తే బాగుండుననిపిస్తుంది.

పోయిన ఆదివారం మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని వాళ్ళ తమ్ముడింటికి వెళ్ళాను. పుట్టింటి మనిషై ఉండీ, హ్యాండుబ్యాగు ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. బావమరిది నవ్వుతూ కాఫీ ఇచ్చాడు. ఆ నవ్వులో ఏముందోనని అప్పుడూ ఒక క్షణం అనుమానించాను. తర్వాత, ఆ రోజు బస్సులో జరిగిందంతా వాడికి చెప్పాను.

వాడు అక్క వైపు చూశాడు. "కొట్టు సంగతి కాదండి బావగారూ, కొట్టు ఎలాగో నిలబడింది. అక్క నా ఒట్టు నమ్మలేదని ఏడ్చానండి. నాక్కాదు, ముందు ఆవిడకి చెప్పండి" అన్నాడు.

మా ఆవిడ నా ముఖం వంక చూడటం లేదు. లేచి వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడ్డాను. "వాడు నిజమే చెప్పాడు. నాకు ఆ సాయంత్రమే తెలుసు. నీ పక్కనే కూర్చుని కూడా చెప్పలేదు. నీకూ నీ తమ్ముడికీ మధ్య నిలబడ్డది నేనే. తప్పు నాది, నన్ను క్షమించు" అన్నాను.