ఉపవాసమున్న పెంగ్విన్ రెట్టలో కవళ్ళు

ఎవరికీ ఎప్పుడూ చెప్పని మాట ఒకటుంది. మూడేళ్ళుగా పెంగ్విన్ల మీద పనిచేస్తున్నా నేనింతవరకూ ఒక్క పెంగ్విన్‌నీ ముట్టుకోలేదు. ముట్టుకోవాలని మాత్రం ప్రతిరోజూ ఉంటుంది. కాకినాడలో మా అమ్మ ఇరుగుపొరుగు వాళ్ళతో "మా పిల్ల పెంగ్విన్లను పెంచుతోంది" అని చెబుతుంది. నేను దిద్దను. నిజానికి నేను ఏరేది వాటి రెట్ట, రాలిన ఈకలు. ఈ కోరికను డైరీలో కూడా రాసుకోలేదు. రాస్తే చిన్నపిల్ల మాటలా కనబడుతుందని భయం.

2023 జనవరి. ఆస్ట్రేలియాలో పెర్త్‌కు దక్షిణాన సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు. నేను ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరి అప్పటికి కొన్ని నెలలే. ఆ తీరంలో సున్నపురాళ్ళ సందుల్లో లిటిల్ పెంగ్విన్లు ఉంటాయి. మోకాలి ఎత్తు కూడా ఉండవు, వీపు నీలంగా ఉంటుంది. అవి ఏం తింటున్నాయో తెలుసుకోవడం మా పని. షరతు ఒక్కటే: పక్షిని పట్టుకోకూడదు, కంగారు పెట్టకూడదు.

మా ల్యాబ్ పెద్ద ఫియోనా. ఆవిడను పేరు పెట్టి పిలవడానికి నాకు చాలా కాలం నోరు రాలేదు. తను చదువుకునే రోజుల్లో ఈ పని ఎలా చేసేవారో ఆవిడ ఒకసారి చెప్పింది.

"పక్షిని పట్టుకుని, గొంతులోకి గొట్టం దించి, కడుపులోకి ఉప్పునీళ్ళు పోసి, తలకిందులు చేసి కక్కించేవాళ్ళం. స్టమక్ ఫ్లషింగ్ అనేవాళ్ళం. పిల్లల కోసం రోజంతా ఈది తెచ్చుకున్న తిండి అది. బకెట్‌లో చూసుకుని 'ఆహా, ఎన్ని చేపలో' అని సంతోషించేవాళ్ళం."

ఇప్పుడు ఆ అవసరం లేదు. రెట్టలో మిగిలిన డీఎన్ఏ తునకలను చదివి, తెలిసిన చేపల డీఎన్ఏతో పోల్చి చూస్తాం. దీన్ని మెటాబార్‌కోడింగ్ అంటారు. రాలిన ఈకలు మరో కథ చెబుతాయి. ఈక పెరుగుతున్నప్పుడు ఒంట్లో ఉన్న తిండి జాడ అందులోనే ఉండిపోతుంది. ఈకలు రాలే కాలాన్ని మౌల్ట్ అంటారు. ఆ రోజుల్లో పెంగ్విన్ నీళ్ళలో దిగడం కుదరదు, ఒళ్ళు తడిసిపోతుంది. అందుకే ముందే రెండింతలు తిని లావెక్కి వచ్చి, రెండు మూడు వారాలు ఒడ్డునే కూర్చుంటుంది. పూర్తిగా ఉపవాసం.

కారు పార్కింగ్ పక్కన ఒక రాతి అరుగు కింద ఒంటరి ఆడ పక్షి ఉండేది. నేను వెళ్ళినప్పుడు మౌల్ట్ సగంలో ఉంది. చిరిగిన దిండులా ఉంది పాపం. అది లోపలికి జరిగినప్పుడు పొడుగు పిడి చెంచాతో గుమ్మం దగ్గరి రెట్ట కొంచెం తీశాను. గాలికి కొట్టుకొచ్చిన ఈక ఒకటి నా చేతి మీద వాలింది. కాసేపు దాన్ని కవర్లో వెయ్యలేకపోయాను.

ఏప్రిల్‌లో ఫలితాలొచ్చాయి. ఆ పక్షి రెట్టలో ఉండకూడని చేప ఉంది. ఉపవాసంలో ఉన్న పక్షికి అసలు చేపే ఉండకూడదు. పైగా అది ఆస్ట్రేలియా నీళ్ళలో దొరికే చేప కాదు. తెర మీద లాటిన్ పేరు చూసి, ఫొటో తెరిచి, నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. కవళ్ళు. మా అమ్మ చింతపండు పులుసు పెట్టే కవళ్ళు. ఆ వాసన తిన్నగా ముక్కుకే వచ్చినట్టయింది. ఇల్లు వదిలాక వాటిని నేను రుచి చూడలేదు.

ఫియోనా కళ్ళద్దాలు పైకి తోసి నా వైపు చూసింది. "కంటామినేషన్. ఇండియన్ చేప, ఇండియన్ అమ్మాయి. ఆ రోజు లంచ్‌కి ఏం తెచ్చుకున్నావు?"

"పెరుగన్నం."

"అందులో చేప ఉంటుందా?"

పెరుగన్నంలో చేప వేస్తే మా అమ్మ నన్ను గడప తొక్కనివ్వదు. అంత వాక్యం నా నోట రాలేదు. "ఉండదు" అన్నాను. ఆవిడ ఆ శాంపిల్‌ను కొట్టేయబోతుంటే ఆపాను. "ఫీల్డ్ బ్లాంక్ చూడండి." ఫీల్డ్ బ్లాంక్ అంటే ఖాళీ ట్యూబ్. పక్షి గూటి దగ్గరే మూత తీసి, పెట్టి, మిగతా వాటితోపాటే అన్ని పరీక్షలూ చేస్తాం. నా చేతినుంచో గాలినుంచో చేప వచ్చి ఉంటే అందులోనూ కనబడాలి. అందులో ఏమీ లేదు.

ఫియోనా ఆ శాంపిల్‌ను ఉంచేసింది. తర్వాత ఆ పక్షి పాత రికార్డు తీసింది. ఆ పక్షి ఒంట్లో చిన్న చిప్ ఉంది. గుమ్మంలో పెట్టిన రీడర్ దాన్ని దూరంనుంచే చదువుతుంది. అంతకుముందు పడవ తగిలి గాయపడితే దాన్ని ఆసుపత్రిలో ఉంచి, చేత్తో చేపలు తినిపించి, బాగయ్యాక వదిలారు.

"అడవి పెంగ్విన్ చచ్చిన చేప ముట్టదు. ఇది తింటుంది," అంది. "ఎవరో తినిపిస్తున్నారు. బయటి చేపలతో బయటి రోగాలొస్తాయి. అదీగాక వేట మరిచిపోతే దాని పని అయిపోయినట్టే. నువ్వు వెళ్ళి మాట్లాడు. ఆగకపోతే నేను వైల్డ్‌లైఫ్ ఆఫీసర్లకు ఫోన్ చెయ్యాలి."

కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు బస్సు దిగి వెనక్కి పోవాలనిపిస్తుంది. అయినా వెళ్ళాను. సాయంత్రం కారు పార్కింగ్‌లో కూర్చున్నాను. ఈకలన్నీ కొత్తగా వచ్చేసినా ఆ పక్షి ఆ వేళకే అరుగు కింద ఉంది. సముద్రంలో ఉండాల్సిన సమయం అది. కాసేపటికి టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన ఐస్‌క్రీమ్ డబ్బా పట్టుకుని వచ్చి, మోకాళ్ళు పట్టుకుంటూ వంగాడు.

"తినవే తల్లీ. నిన్న కూడా సగం వదిలేశావు. ఇంత నాజూకైతే ఎలాగ?"

తెలుగు! పక్షి మెడ చాచి ఆయన వేళ్ళలోంచి చేపను అందుకుంది. దాని ముక్కు ఆయన చేతిని తాకడం చూశాను. నాకు కలిగింది కోపం కాదు.

"అంకుల్," అన్నాను.

ఆయన ఉలిక్కిపడి, తేరుకుని నవ్వాడు. "మన తెలుగమ్మాయివా! ఏ ఊరు?"

"కాకినాడ అంకుల్."

"అదీ సంగతి. మాది భీమిలి. ఇక్కడికొచ్చి ముప్పయ్యేళ్ళు దాటింది. గనుల్లో ఇంజనీర్ని, రిటైరయ్యాను. మరి నువ్వేం చేస్తుంటావు?"

"వీటి రెట్ట ఏరుతాను అంకుల్."

"రెట్టా? దానికోసం ఇంత దూరం వచ్చావా!"

"ఏం తింటున్నాయో తెలుస్తుంది."

"నన్నడిగితే చెప్పేవాణ్ణి కదమ్మా. కవళ్ళు. కానింగ్ వేల్‌లో ఇండియన్ షాపులో తెస్తాను. ఇక్కడి చేపలు దీనికి చప్పగా ఉంటాయేమోనని."

ఆయన పేరు మూర్తి. భార్య పోయాక కూతురింట్లో ఉంటున్నాడు. జనవరిలో నడకకు వచ్చి ఈ పక్షిని చూశాడు. రోజూ అక్కడే, ఈకలూడి, కదలకుండా. ఆకలితో చచ్చిపోతోందనుకున్నాడు. నేను మౌల్ట్ గురించి చెప్పాను. ఆయన డబ్బా మూత పెట్టి ఆలోచించాడు.

"అంటే దాని ఉపవాసం నేను చెడగొట్టానన్నమాట."

"అప్పుడు మీకు తెలీదు కదా. ఇప్పుడు దానికి కొత్త ఈకలొచ్చేశాయి. ఇంకా ఎందుకు అంకుల్?"

"ఇప్పుడా? ఇప్పుడు నేను రాకపోతే ఎదురుచూస్తుందమ్మా." టోపీ సర్దుకున్నాడు. "మా మనవలకి తెలుగు అర్థమవుతుంది. నేనేదైనా అడిగితే ఇంగ్లీషులో సమాధానం చెబుతారు. దీనికి అర్థం కాదు, నిజమే. కానీ ఇంగ్లీషులో సమాధానం చెప్పదు కదా."

ఇద్దరం నవ్వాం. తర్వాత నేను చెప్పాల్సింది చెప్పాను: రోగాలు, వేట, ఆఫీసర్లు. ఆయన తగువు పెట్టుకోలేదు. అదే కష్టంగా ఉంది.

"ఒక్కసారి చేపలు లేకుండా వస్తాను," అన్నాడు. "దూరంనుంచి చూస్తాను. చెప్పాపెట్టకుండా మానేస్తే బాగుండదు."

పెంగ్విన్లు సముద్రానికి బయల్దేరేది తెల్లవారకముందు. ఆ వేళకు ఇద్దరం బాట పక్కన బెంచీ మీద కూర్చున్నాం. చలిగాలి. పక్షి బయటికొచ్చింది. నేరుగా నీళ్ళవైపు వెళ్ళలేదు. ఆయన చేపలు పెట్టే బల్లపరుపు రాయి దగ్గర ఆగి, మెడ తిప్పి, మా బెంచీ వైపు తిరిగి నిలబడింది. ఒకసారి అరిచింది. మూర్తి అంకుల్ రెండు చేతులూ జాకెట్ జేబుల్లో దోపుకున్నాడు. జేబుల్లో పిడికిళ్ళు కనబడుతున్నాయి. లేచి వెళ్ళి దాన్ని తీసుకొచ్చి ఆయన ఒళ్ళో పెట్టాలనిపించింది నాకు. ఇద్దరం కదల్లేదు. చాలాసేపటికి అది రాళ్ళు దిగి, కొంచెం తూలుతూ నీళ్ళ దాకా వెళ్ళి, ఒక అల వెనక్కి తగ్గగానే దానితోపాటే జారిపోయింది.

తర్వాతి నెలల్లో ఆ గూటి రెట్టలో ఇక్కడి నీళ్ళ చేపలే కనబడ్డాయి. ఫియోనా "గుడ్" అని ఒక్క ముక్క అంది. మూర్తి అంకుల్ టూవూంబాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడని తెలిసింది. అక్కడ సముద్రం లేదు.

దూరంనుంచి చేసే ఈ పనిని అంతకుముందు నేను ఉపాయమనే అనుకున్నాను: చెంచాలు, ట్యూబులు, చిప్పులు. ఆ తెల్లవారుజామున తెలిసింది, దగ్గరికి వెళ్ళగలిగి కూడా బెంచీ మీదే కూర్చోవడం కూడా ఈ పనిలో భాగమని. అది ఏ ల్యాబూ నేర్పదు. ఇప్పటికీ నాకు అది సులువుగా రాదు.

ఆ రోజు వెలుగొచ్చాక ఆయన్ని కారు దాకా నడిపించాను. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. లోపల కూర్చుని, అద్దం దించి, నీళ్ళవైపే చూస్తూ అన్నాడు:

"అది మళ్ళీ వచ్చి ఆ రాయి దగ్గర నిలబడితే, అంకుల్ ఊరెళ్ళాడని చెప్పమ్మా. మానేశాడని మాత్రం చెప్పకు."