కంప్యూటరుకి ఘాటెక్కిన రోజు

మా హైస్కూలుకి వచ్చిన ఒకే ఒక్క కంప్యూటరునూ, దాంతోపాటు నా ఉద్యోగాన్నీ, ఏ పాపం ఎరుగని ఒక రైతు పంటనూ ఒకే దెబ్బకి ముంచబోయిన ఘనుణ్ణి నేను. వేరెవరైనా చెబితే మీరు నమ్మరు. అందుకే నేనే చెబుతున్నాను.

ఎనభైల చివరి మాట. దర్శి దగ్గర ఒక మిషన్ హైస్కూల్లో నేను లెక్కల మాస్టర్ని. అదీ టెంపరరీ. ప్రభుత్వం వాళ్ళు బడికి కంప్యూటరు ఇచ్చి, దాన్ని నడపడం నేర్చుకు రమ్మని నన్ను గుంటూరులో మూడు వారాల శిక్షణకి పంపారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషిగానే వెళ్ళాను. వచ్చేటప్పుడు మాత్రం నేల మీద కాలు ఆనలేదు. రాగానే గది ముందు బోర్డు కట్టించాను: చెప్పులు విడువవలెను. తినరాదు. తాగరాదు. తుమ్మరాదు. అటెండర్ మస్తాన్ మంచినీళ్ళ గ్లాసుతో గడప దాకా వచ్చినా, "ఒక్క చుక్క పడిందంటే ఇద్దరం జైలుకే!" అని కసిరేవాణ్ణి. పాపం, నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడు.

ఒక గురువారం పొద్దున హెడ్మిస్ట్రెస్ ఎస్తేరమ్మ గారు పిలిచారు.

"ప్రసాద్ గారూ, రేపు పదకొండింటికి జిల్లా నుంచి ఆఫీసరు గారొస్తున్నారు. మిషను వాడకంలో లేకపోతే పర్చూరు బడికి ఇచ్చేస్తారంట. మిషను పోతే మీ పోస్టూ ఉండదు. చూసుకోండి మరి."

"మీరు నిశ్చింతగా ఉండండి మేడమ్. ఆయన పేరు కొడితే కంప్యూటరే నమస్కారం పెడుతుంది."

నిజంగానే అలాంటి ప్రోగ్రాం ఒకటి అప్పటికే రాసి ఉంచాను. స్విచ్చి వెయ్యగానే పేరు అడుగుతుంది, కొట్టగానే ఆ పేరుతో నమస్కారం చెబుతుంది. మధ్యాహ్నం ఒకసారి సరిచూద్దామని మొదలుపెట్టాను. పేరేమిటని అడిగింది. కొట్టాను. ఒక్క అక్షరం పడలేదు. తెర మీద చిన్న గీత మిణుకుమిణుకుమంటూ నన్నే చూస్తోంది. రెండు చేతులతో కొట్టాను. ఆపి మళ్ళీ వేశాను. ఐదు నిమిషాలు ఆగి వేశాను, పావుగంట ఆగి వేశాను. వైర్లన్నీ పీకి మళ్ళీ పెట్టాను. విసనకర్రతో విసిరాను. ప్రతిసారీ పేరు అడగడం మానలేదు, చెబితే వినడమూ లేదు.

"బతికే ఉందా సార్?" అన్నాడు మస్తాన్ గడప అవతల నుంచి.

"బతికే ఉంది. పలకడం లేదు."

"మా మామ కూడా అంతే సార్, అలిగితే. మూడు రోజులకి ఆయనే పలుకుతాడు."

"మూడు రోజులా! నాకు రేపు పదకొండింటి దాకే టైముంది మస్తాన్!"

సరిగ్గా అప్పుడే కిటికీలోంచి గాలి వీచింది. నేను తుమ్మాను. నా బోర్డును నేనే ధిక్కరించి మూడుసార్లు తుమ్మాను. బయట చూస్తే, కంచె అవతల వెంకటప్పయ్య గారి మిరపకల్లం ఎర్రగా పరుచుకుని ఉంది. అంతే, నా బుర్ర వెలిగింది. ఆడలేక మద్దెల ఓడన్నవాడికి కనీసం ఆట వచ్చని ఒక నమ్మకమైనా ఉంటుంది. నాకు అదీ లేదు. అయినా పరుగెత్తాను.

"దొరికింది మేడమ్! ఘాటు! మిరపకాయల ఘాటు లోపలికెళ్ళి నరాలన్నీ మండిపోయినై!"

"నిజంగానా? గుంటూర్లో చెప్పారా?"

"మూడో వారమంతా అదే చెప్పారు మేడమ్." ఇది పచ్చి అబద్ధమని మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇద్దరం కంచె దగ్గరికి వెళ్ళాం. వెంకటప్పయ్య గారు కాయ తిరగేస్తున్నాడు. సంగతి చెప్పి, రేపటి దాకా కాయ కప్పి ఉంచమంటే నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏందమ్మా, మిషనుకి ఘాటెక్కిందా? ఇంకా తడి ఆరని కాయమ్మా ఇది. ఇప్పుడు కుప్పేసి పట్టా కప్పితే మగ్గిపోద్ది. మచ్చ పడిన కాయ మిర్చి యార్డులో ఎవుడు కొంటాడు?"

"దేశమంతా ముందుకి పోతుంటే మీరు కాయ కాయ అంటారేంటండీ?" అన్నాను నేను, దేశాన్ని నేనే తోస్తున్నట్టు.

"పిల్లల చదువు వెంకటప్పయ్యా. ఒక్క రోజు," అన్నారు ఎస్తేరమ్మ గారు. ఆవిడ మాట ఆ ఊళ్ళో ఎవరూ తీసెయ్యరు. ఆయన కాయ కుప్ప వెయ్యడం మొదలుపెట్టాడు. ఆ మొహం చూస్తే నాకు నిజంగానే బాధేసింది. నా ఉద్యోగం గుర్తొచ్చి ఆ బాధ వెంటనే తగ్గింది.

శుక్రవారం పొద్దున పదిన్నర. ఘాటు లేదు, గాలి లేదు, కంప్యూటరులో మార్పూ లేదు. నా చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఎస్తేరమ్మ గారు గోడ గడియారాన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నారు. ఇంతలో వెంకటప్పయ్య గారు చెప్పులతోనే లోపలికొచ్చాడు.

"తగ్గిందా మాస్టారూ మీ మిషనుకి? నా కాయ మాత్రం చెమట పట్టింది."

నేను నోరు తెరిచేలోగా మస్తాన్ మొదటిసారి గడప దాటాడు.

"సార్, ఆఫీసులో టైపు మిషను పట్టేస్తే తిరగేసి దులుపుతాం. దీన్నీ ఓసారి దులపనా?"

వద్దనే ఓపిక కూడా లేదు నాకు. మస్తాన్ అక్షరాల పలకను బోర్లించి వెనక నాలుగు తట్టాడు. టక్కుమని ఒక మూల మీట పైకి లేచింది. ఆ మీట నొక్కుకుపోయి ఉంటే ఏ అక్షరం కొట్టినా తెర మీద పడదని శిక్షణలో మొదటి వారమే చెప్పారు. దాని కిందనుంచి ఒక గింజ రాలి బల్ల మీద పడింది.

"మిరప గింజే! చూశారా మేడమ్, నేను చెప్పలా!" ఎగిరి గంతేశాను.

వెంకటప్పయ్య గారు ఆ గింజను గోటి మీద పెట్టుకుని వెలుతురులో చూశాడు. రెండు వేళ్ళ మధ్య నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"అమ్మా, ఎండలో పడ్డ గింజ గట్టిగా ఉంటది. ఇది మెత్తగుంది. నూనె తేలింది. అంటుకుంది చూడండి, శెనగపిండి. వాము వాసన కూడా వస్తంది. ఇది నా కల్లంలోంచి ఎగిరొచ్చింది కాదు, బస్టాండు కాడ కోటమ్మ బాణలిలోంచి నడిచొచ్చింది. బజ్జీ గింజమ్మా ఇది!"

అందరూ నా వైపు తిరిగారు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడట. నేను మూతి తుడుచుకున్నాను. బుధవారం సాయంత్రం తలుపేసుకుని, నాలుగు బజ్జీలు పక్కన పెట్టుకుని, ఆ ప్రోగ్రాం కొట్టింది నేనే.

ఆఫీసరు గారు వచ్చారు. పేరు కొట్టారు. కంప్యూటరు ఆయనకి నమస్కారం పెట్టింది. ఆయన మురిసిపోయి, "వాడకంలో ఇబ్బందులేమీ లేవు కదా?" అన్నారు. ఎస్తేరమ్మ గారు జన్మలో అబద్ధమాడి ఎరుగరు.

"మిషనుతో ఏ ఇబ్బందీ లేదండీ. మా మాస్టారితోనే," అన్నారు.

మిషను ఉండిపోయింది. నేనూ ఉండిపోయాను, కాకపోతే ఎస్తేరమ్మ గారు పెట్టిన ఒక షరతు మీద. శని ఆదివారాలు రెండు రోజులూ ఆ కాయంతా నా చేత్తో మళ్ళీ పరిచి, తిరగేసి, మచ్చ పడ్డవి ఏరి పెట్టాను. వెంకటప్పయ్య గారు గట్టు మీద కూర్చుని, "దేశం ముందుకి పోతందా మాస్టారూ?" అని గంటకోసారి అడిగేవాడు. మొదటి రోజే మర్చిపోయి ఆ చేత్తో కళ్ళు తుడుచుకున్నాను.

ఆ మంటలో, కన్నీరు మున్నీరుగా, కల్లం మధ్య నిలబడి ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ యంత్రం మొరాయించినా సరే, ముందు నా మూతి తుడుచుకుని చూసుకున్నాకే ఎదుటివాడి కల్లం వైపు చూస్తాను. బజ్జీలు మానేస్తానని మాత్రం అనలేదు. నిలబెట్టుకోలేని ప్రమాణం చెయ్యడం మహాపాపం.