తాళం వేసిన లైబ్రరీలో దగ్గు

ఈ సంగతి రాసిపెట్టక తప్పడం లేదు. సైకిల్ షాపు మస్తాన్ దీన్ని పలమనేరులో చెప్పినప్పుడల్లా దగ్గులు పెరుగుతున్నాయి. మొన్న చెప్పినదానిలో తెల్లగడ్డం కూడా చేరింది. గడ్డాన్ని అతనూ చూడలేదు, నేనూ చూడలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

దెయ్యాల మీద నాకు నమ్మకం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. దూరవిద్యలో ఎం.ఏ. చేసినవాణ్ణి. అణ్వాయుధాల నియంత్రణ గురించి నాకు తెలిసిందంతా పలమనేరు లైబ్రరీలో కూర్చుని నా అంతట నేను చదువుకున్నదే. ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వం.

పోఖ్రాన్ పరీక్షల తర్వాతి సంవత్సరాల్లో, తిరుపతిలో ఒక పరిశోధనా కేంద్రం నిరాయుధీకరణ మీద పనిచేయడానికి కొత్తవాళ్ళను తీసుకుంటోందని తెలిసింది. కాసేపు ప్రసంగించి, ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. ఆ ఉద్యోగం రాకపోతే మా చిన్నాన్న టమోటా మండీలో గుమాస్తాగా చేరాలని ఇంట్లో తీర్మానించేశారు.

ముందురోజు మధ్యాహ్నం లైబ్రేరియన్ నాగరత్నమ్మ గారు, నేను ప్రసంగాన్ని గట్టిగా చదివి సాధన చేసుకునేందుకు నన్ను లోపలే ఉంచి, బయట తాళం వేసి భోజనానికి వెళ్ళారు. వినేవాడు ఉండాలని మస్తాన్‌ను వెంట తెచ్చుకున్నాను.

అణుపరీక్షల నిషేధ ఒప్పందం అమల్లోకి వచ్చిందన్న వాక్యం చదవగానే బీరువాల వెనక ఎవరో దగ్గారు. తప్పు చదివిన పిల్లవాణ్ణి ఆపే పెద్దమనిషి దగ్గులా ఉంది. వెళ్ళి చూశాను. గోడ తప్ప ఏమీ లేదు. మళ్ళీ మొదటినుంచి చదివాను. అదే వాక్యం దగ్గర అదే దగ్గు.

"ఎలుక అయ్యుంటుందిలే," అన్నాను.

"ఎలక యాడన్నా దగ్గుతాదా అబ్బా? నువ్వు సదివేదాంట్లోనే ఏందో తప్పుండాది, సూడు," అన్నాడు మస్తాన్.

మా లైబ్రరీలో పేపరును విడదీసి పేజీకొకరం పంచుకుంటాం. దేశాలు ఒప్పందం మీద సంతకాలు చేసిన వార్త మొదటి పేజీలో నేను చదివాను. తరువాయి ఉన్న లోపలి పేజీ అప్పట్లో ఇంకెవరి చేతిలోనో ఉండిపోయింది. ఇప్పుడు పాత పేపర్ల కట్టలో వెతికి అది తీశాను. కొన్ని ముఖ్యమైన దేశాల ప్రభుత్వాలు ఆమోదించేదాకా ఒప్పందం అమల్లోకి రాదని అందులో ఉంది. వాటిలో కొన్ని ఇప్పటికీ ఆమోదించలేదు.

దిద్దుకుని మళ్ళీ చదివాను. దగ్గు రాలేదు.

"ఒప్పుకున్నాడప్పా," అన్నాడు మస్తాన్, గొంతు తగ్గించి.

మర్నాడు తిరుపతిలో, కమిటీలోని ఒకావిడ మొట్టమొదట అడిగింది, ఆ ఒప్పందం ఇప్పుడు అమల్లో ఉందా అని. లేదని చెప్పి, ఎందుకు లేదో వివరించాను. పొద్దున్నుంచి వచ్చినవాళ్ళలో చాలామంది ఉందనే చెప్పారట. ఉద్యోగం నాకొచ్చింది.

తర్వాత పలమనేరు లైబ్రరీలో అదే వేళకు అదే చోట కూర్చుని పాత వాక్యాన్నే చదివి చూశాను. ఫ్యాను వేసి చూశాను, ఆపి చూశాను. గోడ అవతల ఖాళీ స్థలం. ఒక్క దగ్గూ వినిపించలేదు. నాగరత్నమ్మ గారికి చెబితే, "ఎవురైతే ఏమప్పా, సభ్యత్వం ఉండాదో లేదో అది సూడాల," అన్నారు.

ఆ దగ్గు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు.

తాళం వేసి నమ్మకంగా వెళ్ళిన నాగరత్నమ్మ గారికి, షాపు మూసి వచ్చిన మస్తాన్‌కు, నాకోసం ఉంచిన గుమాస్తా కుర్చీని నవ్వుతూ వేరేవాళ్ళకిచ్చిన చిన్నాన్న చెంగల్రాయులుకు నా కృతజ్ఞతలు.