గాజు కడ్డీలో సూరీడు

ఆ రోజుల్లో ఆడపిల్లకు ఉద్యోగం వస్తే ఇంట్లో సంతోషం కంటే ముందు అనుమానం వచ్చేది. అరవైల్లో నేను అనకాపల్లి కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరుగా చేరినప్పుడూ అంతే అయింది. అద్దాలతో, వెలుతురుతో పని అనగానే నా కళ్ళు పోతాయని అమ్మ బెంగపెట్టుకుంది. చివరికి కశింకోట నుంచి నానమ్మ వచ్చి, నా పని కళ్ళారా చూసి, ఉండాలో మానాలో చెప్పాలని తేల్చారు. (నానమ్మ బడి మొహం చూడలేదు గాని, మా ఇంటికి హైకోర్టు ఆవిడే.)

ఆవిడ వచ్చిననాడే కాలేజీలో సైన్సు ఎగ్జిబిషను. వెలుతురును వంకర తిప్పి చూపిస్తానని మా మాస్టారు పంతం పట్టి, వేలి లావు గాజు కడ్డీని మంట మీద కాచి కొడవలిలా వంచారు. గది చీకటి చేసి, కిటికీ తలుపుకున్న కన్నంలోంచి ఎండను రానిచ్చి, భూతద్దంతో దాన్ని చుక్కగా కుదించి కడ్డీ కొస మీద పడేలా అమర్చారు. రెండో కొస నల్ల పెట్టెలో ఉంటుంది; కడ్డీ వెంట వచ్చిన వెలుగు అందులో కనబడుతుంది. సూర్యుడు కదిలేకొద్దీ చుక్క పక్కకి జరుగుతుంది కనక, దాన్ని మళ్ళీ కడ్డీ మీదికి తేవడం నా పని. కన్నానికి మూత వేశాకే భూతద్దం ముట్టాలని, కాస్త జరిపి మూత తీసి, చుక్క ఎక్కడ పడిందో తెల్ల అట్ట మీదే చూడాలని, కడ్డీలోకి కన్ను పెట్టకూడదని, పైట దోపుకోవాలని సాధన చేసినన్నాళ్ళూ మాస్టారు రోజూ చెప్పేవారు. నేను రోజూ అలాగే చేసేదాన్ని.

నానమ్మ ఎదుట మాత్రం అంత నిదానం నామోషీగా తోచింది. మూత తెరిచి ఉండగానే, హార్మోనియం వాయించినంత వయ్యారంగా, ఒంటిచేత్తో భూతద్దం తిప్పాను. చుక్క కడ్డీని వదిలి ఎటు పోయిందో నాకు తెలియలేదు.

"ఏటే, కమురు వాసనొత్తంది?" అంది నానమ్మ.

కొత్త చీర పైట మీంచి సన్నగా పొగ లేస్తోంది. మాస్టారు గబుక్కున మూత వేసి, పైటని అరచేత్తో నలిపేశారు. కోప్పడలేదు. "చీర కాబట్టి సరిపోయింది. అదే కన్నయితే నేసిచ్చే సాలెవాడు లేడమ్మా," అన్నారు నెమ్మదిగా. నా ఉద్యోగం అక్కడితో సరి అనుకున్నాను.

పైట దోపుకుని, మూత, భూతద్దం, అట్ట వరసలో మళ్ళీ మొదలుపెట్టాను. చుక్క కడ్డీ కొసకి సరిగ్గా అతుక్కుంది. నానమ్మ పెట్టెలోకి వంగింది. గాజు రంగు పట్టిన లేత ఆకుపచ్చ వెలుగు ఆవిడ ముడతల ముఖం మీద పడింది. ఆవిడ మెల్లగా పెట్టెలోకి చెయ్యి చాపింది.

"సూరీడే. ఏడి లేకుండా నా సేతిలోకొచ్చి కూకున్నాడు," అంది గుసగుసగా. గుప్పిట మూసి, జాగ్రత్తగా బయటికి తెచ్చి, చీకట్లో విప్పి చూసుకుంది. ఏమీ లేకపోతే తనే నవ్వేసింది.

ఇంట్లో అమ్మ ఆత్రంగా అడిగితే తీర్పు చెప్పింది: "కళ్ళకేటీ అవదు కోడలా. కోకలు కాలతాయి. పాతయి కట్టుకెళ్ళమను."

ఆ తీర్పు పుణ్యమా అని ఏళ్ళ తరబడి వెలిసిన చీరల్లోనే ఉద్యోగం వెలగబెట్టాను. ఆనాడు గదిలో అందరూ పెట్టెలోకి తొంగి చూశారు. నేను మాత్రం ఏం తీర్పు వస్తుందోనన్న భయంతో నానమ్మ ముఖమే చూస్తూ నిలబడిపోయాను. వెర్రిపిల్ల, ఎంత బెదిరిపోయిందో అని ఇప్పుడు నవ్వుకుంటాను. కానీ వంకర తిరిగి వచ్చిన ఆ ఎండ ఒక మనిషి మీద ఎలా వాలిందో ఆ గదిలో చూసిన దాన్ని నేనొక్కదాన్నే.